గర్భిణి పీల్చే గాలి – పుట్టబోయే బిడ్డ ఆరోగ్యం: జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ప్రాంతంలో గమనించవలసిన అంశాలు

తల్లి ఆరోగ్యమే బిడ్డ ఆరోగ్యానికి పునాది. గర్భిణీ స్త్రీల సంరక్షణ అనగానే పౌష్టికాహారం, ఐరన్ మాత్రలు, టీకాలు, ఆసుపత్రి ప్రసవం గుర్తుకు వస్తాయి. తల్లి అనుక్షణం పీల్చే గాలి సైతం గర్భస్థ శిశువు ఎదుగుదలపై ప్రభావం చూపుతుందని గత రెండు దశాబ్దాల పరిశోధనలు తెలియజేస్తున్నాయి. 2020లో వెలువడిన 'స్టేట్ ఆఫ్ గ్లోబల్ ఎయిర్' నివేదిక అంచనా ప్రకారం, 2019లో వాయు కాలుష్యం కారణంగా ప్రపంచవ్యాప్తంగా సుమారు 4,76,000 మంది శిశువులు పుట్టిన నెల రోజులలోపే మరణించారు. వీరిలో 1,16,000 మందికి పైగా భారతదేశానికి చెందినవారే. మొత్తం మరణాలలో దాదాపు మూడింట రెండు వంతులకు కట్టెలు, పిడకలు, బొగ్గు వంటి వంట ఇంధనాల పొగతో సంబంధం ఉన్నట్లు ఆ నివేదిక పేర్కొన్నది.

మెట్ట ప్రాంత పరిస్థితులు

ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతానికి చెందిన జగ్గయ్యపేట, నందిగామ 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరాయి. జగ్గయ్యపేట పరిసరాలలో సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. పరిటాల, దొనబండ వైపు కంకర క్వారీలు, క్రషర్లు నడుస్తున్నాయి. హైదరాబాదు – విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతం మీదుగా సాగుతున్నది. తూర్పున ఇబ్రహీంపట్నంలో 1979లో తొలి యూనిట్ ప్రారంభమైన థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నది. పత్తి, మిరప ఈ ప్రాంతపు ప్రధాన మెట్ట పంటలు. పంట ముగిసిన పిదప పత్తి కట్టె, మిరప కట్టె కొంత పొయ్యిలోకి వెళ్తుండగా, మిగిలినది చేలలోనే తగులబెట్టడం పరిపాటి. శీతకాలపు రాత్రులలో, తెల్లవారుజామున పొగ, ధూళి పైకి లేవక నేలకు దగ్గరగా నిలిచిపోతాయి.

శిశువుకు హాని జరిగే తీరు

పి.ఎం. 2.5గా వ్యవహరించే సూక్ష్మ ధూళి కణాలు తల వెంట్రుక మందంలో సుమారు ముప్పయ్యవ వంతు పరిమాణం కలిగి, ఊపిరితిత్తుల లోతులకు చేరుతాయి. వాటిలో మిక్కిలి చిన్నవి రక్తంలో కలుస్తాయి. మాయలో శిశువు వైపు భాగంలో మసి కణాలు ఉన్నట్లు బెల్జియం శాస్త్రజ్ఞులు 2019లో కనుగొన్నారు. గర్భస్థ శిశువు కాలేయం, ఊపిరితిత్తులు, మెదడులో సైతం ఈ కణాలు ఉన్నట్లు 2022లో వెల్లడయింది. కట్టెల పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌తో కలిసి, శిశువుకు అందవలసిన ప్రాణవాయువును తగ్గిస్తుంది. రక్తహీనత గల తల్లుల విషయంలో ఈ లోటు మరింత ప్రమాదకరం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని గర్భిణులలో 52.2 శాతం మంది రక్తహీనతతో బాధపడుతున్నారు.

ఫలితంగా నెలలు నిండకముందే, అనగా 37 వారాలలోపే ప్రసవం కావడం, బిడ్డ 2,500 గ్రాముల కన్న తక్కువ బరువుతో పుట్టడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. తమిళనాడులో 1,285 మంది గర్భిణులపై జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, గాలిలో పి.ఎం. 2.5 ఘనపు మీటరుకు 10 మైక్రోగ్రాములు పెరిగిన కొద్దీ జనన బరువు సగటున 4 గ్రాములు తగ్గినట్లు, తక్కువ బరువు శిశువుల సంఖ్య 2 శాతం పెరిగినట్లు తేలింది. ఒక్క బిడ్డ విషయంలో ఇది స్వల్పమే అయినా, వేలాది జననాలను పరిగణనలోకి తీసుకున్నప్పుడు భారమవుతుంది.

గ్యాసు పొయ్యి ఒక్కటే చాలదు

పొగలేని వంట కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకం, దేశవ్యాప్తంగా 2016లో ఉజ్వల పథకం ప్రారంభమయ్యాయి. ఏడాదికి మూడు ఉచిత సిలిండర్ల దీపం–2 పథకం 2024 నవంబరు 1న రాష్ట్రంలో మొదలయింది. అయితే భారతదేశంతో సహా నాలుగు దేశాలలో సుమారు 3,200 మంది గర్భిణులతో జరిపిన 'హాపిన్' పరిశోధన ఫలితాలు ఆలోచింపజేసేవిగా ఉన్నాయి. గ్యాసు పొందిన తల్లులు పీల్చిన పి.ఎం. 2.5 ఘనపు మీటరుకు 24 మైక్రోగ్రాములకు తగ్గగా, కట్టెల పొయ్యి వాడినవారిలో అది 70.7గా ఉన్నది. అయినప్పటికీ శిశువుల సగటు బరువు 2,921, 2,898 గ్రాములుగా నమోదై, చెప్పుకోదగిన తేడా కనిపించలేదని 2022లో ప్రకటించారు.

ఈ పరిశోధనలో చేరేనాటికే తల్లులకు 9 నుంచి 20 వారాల గర్భం ఉన్నది. తగ్గిన తరువాతి 24 మైక్రోగ్రాములు సైతం ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన వార్షిక పరిమితి 5కు దాదాపు ఐదు రెట్లు. కనుక గ్యాసు వాడకం గర్భధారణకు ముందునుంచే స్థిరపడాలి. దానితోపాటు వీధిలోని, ఊరిలోని గాలి కూడా శుభ్రపడాలి. 2009 నోటిఫికేషన్ ప్రకారం మన దేశంలో పి.ఎం. 2.5 వార్షిక ప్రమాణం 40 మైక్రోగ్రాములు.

శాఖల సమన్వయం అవసరం

నూతన వధువులు ఉన్న ఇళ్లలో గ్యాసు కనెక్షన్ ఉన్నదీ లేనిదీ, ఉన్నా కట్టెల పొయ్యి కొనసాగుతున్నదీ లేనిదీ ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ సిబ్బంది ముందుగానే గుర్తించవచ్చు. ప్రతి నెల 9వ తేదీన జరిగే గర్భిణుల ప్రత్యేక పరీక్షలలో వంట ఇంధనం గురించిన ప్రశ్నను చేర్చవచ్చు. క్రషర్ల వద్ద నీరు చల్లడం, కంకర లారీలకు పరదాలు కప్పడం, రోడ్డు అంచుల మట్టిని తొలగించడం సంబంధిత శాఖలు పర్యవేక్షించవలసిన అంశాలు. సిమెంటు, థర్మల్ పరిశ్రమల పొగగొట్టాలకు నిరంతర ఆన్‌లైన్ కొలత పరికరాలు అమర్చాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. పత్తి కట్టెను తగులబెట్టకుండా యంత్రంతో ముక్కలు చేసి నేలలో కలిపితే భూసారం కూడా పెరుగుతుంది.

తక్కువ బరువుతో పుట్టిన బిడ్డను తల్లి ఛాతీకి ఆనించి ఉంచే కంగారూ సంరక్షణ, తొలి గంటలోనే తల్లిపాలు ప్రాణరక్షకాలు. ఆసుపత్రి ప్రసవాల తరువాత 3, 7, 14, 21, 28, 42వ రోజులలో ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి బిడ్డను పరీక్షించాలి. ఆ ఇంట బాలింత ఉన్న గదిలోకి పొగ చేరుతున్నదా అన్నది కూడా అప్పుడే చూడవలసి ఉంటుంది.

జనన బరువును 2.5 కిలోలకు సర్ది రాయకుండా గ్రాములతో సహా నమోదు చేయడం అత్యవసరం. 2,440 గ్రాముల బిడ్డను 2,500గా రాస్తే ఆ బిడ్డకు అందవలసిన ప్రత్యేక సంరక్షణ తప్పిపోతుంది, ప్రాంతపు అసలు పరిస్థితి కూడా మరుగున పడుతుంది. ఒక బిడ్డ తక్కువ బరువుకు ఒక పరిశ్రమను గాని, ఒక పొయ్యిని గాని కారణంగా చూపడం శాస్త్రీయం కాదు. రక్తహీనత, చిన్న వయసు గర్భం, పోషకాహార లోపం కూడా అందులో పాలుపంచుకుంటాయి. మండలాలవారీగా, నెలలవారీగా సక్రమంగా నమోదైన బరువులను గాలి కొలతలతో సరిపోల్చినప్పుడే ఎక్కడ శ్రద్ధ అవసరమో అధికారులకు, పాత్రికేయులకు స్పష్టమవుతుంది.