చేతులు మాట వినకపోతే తప్పు పిల్లదా?

చక్కగా రాసే పిల్ల రాత ఉన్నట్టుండి గజిబిజి అవుతుంది. గ్లాసు చేజారుతుంది. ముఖం, భుజాలు వాటంతటవే కదులుతుంటాయి. 5 నుంచి 15 ఏళ్ల లోపు పిల్లల్లో, ముఖ్యంగా ఆడపిల్లల్లో, ఇలా కనిపిస్తే సిడెన్‌హామ్ కొరియా కావచ్చు. ఇది రుమాటిక్ జ్వరం తెచ్చిపెట్టే జబ్బు. ఆ జ్వరం మన దేశాన్ని ఇంకా వదల్లేదు. తెనాలి బడిలోనైనా, బాపట్ల హాస్టల్లోనైనా, రేపల్లె లంక ఊళ్లలోనైనా పెద్దలు ఈ కొరియాను గుర్తుపట్టాలి.

అపోహ: అంతా పొగరు. నాలుగు తగిలిస్తే దారికొస్తుంది.

వాస్తవం: రుమాటిక్ జ్వరానికి మూలం స్ట్రెప్టోకాకస్ క్రిమి. దానివల్ల గొంతునొప్పి వచ్చి తగ్గిన కొన్ని వారాలకో నెలలకో, ఆ క్రిమిని ఎదిరించడానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలు మెదడులోని బేసల్ గాంగ్లియా మీద పడతాయి. కదలికలతోపాటు భావోద్వేగాల అదుపులోనూ ఆ భాగానికి పాత్ర ఉంది. అందుకే కొందరిలో చేతులకంటే ముందే మనసు మారుతుంది. ఊరికే ఏడుపు, చిరాకు, నిలవని ధ్యాస. కొందరు చేతులు పదేపదే కడుక్కుంటారు, వేసిన గడియనే మళ్లీ మళ్లీ చూసుకుంటారు. ఇదీ జబ్బులో భాగమే. ఇలాంటి పిల్లను క్లాసులో నిలబెట్టి తిట్టడం అన్యాయం. ఆందోళన పెరిగితే కదలికలూ పెరుగుతాయి.

అపోహ: గాలి సోకింది, తాయెత్తు కట్టించాలి.

వాస్తవం: చాలామందిలో కదలికలు కొన్ని నెలల్లో వాటంతటవే తగ్గుతాయి. తాయెత్తే తగ్గించిందనుకుంటారు. ఈలోగా గుండెను పరీక్షించాల్సిన సమయం గడిచిపోతుంది. రుమాటిక్ జ్వరం గుండెనూ వదలదు, కొరియా వచ్చిన పిల్లల్లో ఎందరికో గుండె కవాటాలు కూడా దెబ్బతింటాయి. పైకి ఏమీ తెలియకపోవచ్చు, ఎకో (గుండె స్కాన్) తీయాల్సిందే.

అపోహ: ఇది మూర్ఛ.

వాస్తవం: స్పృహ తప్పదు. నిద్రలో కదలికలు దాదాపు ఆగిపోతాయి. డాక్టరు తన వేళ్లు పట్టుకోమంటే పిల్ల పట్టు బిగుస్తూ సడలుతూ, పాలు పితుకుతున్నట్టు ఉంటుంది.

అపోహ: కదలికలు పోయాయి, ఇంక ఇంజెక్షన్లెందుకు?

వాస్తవం: ప్రతి 3-4 వారాలకు పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇచ్చేది గుండెను కాపాడడానికి. గుండె బాగున్నా కనీసం 5 ఏళ్లు లేదా 21 ఏళ్లు వచ్చేవరకు, ఏది ఎక్కువైతే అంతకాలం వేయించాలి. కవాటం దెబ్బతింటే ఇంకా ఎక్కువకాలం.

టీచర్లూ, ఆ పిల్లకు పరీక్షలో కాస్త ఎక్కువ సమయం ఇవ్వండి. అమ్మానాన్నలూ, ముందు పిల్లల డాక్టరుకు చూపించండి, ఎకో తీయించండి. పెద్ద పరీక్షలు కావాలంటే గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జీజీహెచ్) ఉంది. పిల్ల దిగులు, మీ దిగులు చెప్పుకోవడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, డబ్బు కట్టక్కర్లేదు.