పాటలను గాచిన గ్రీకు వనిత

ఇల్లు పోయినను, పొలము పోయినను తల్లి నేర్పిన పాట పోదని మన మనుకొందుము. కాని పాడువారు లేకున్న పాటయు బోవును. ఈ సత్యము నెఱిగి, జానపదగీతముల రక్షణమునకే జీవితమును ధారవోసిన గ్రీకు విద్వాంసురాలు డోమ్నా సామియూ చరిత్రమును మా పాఠకసోదరీమణులకు దెలుపుచున్నాము.

1922వ సంవత్సరమున టర్కీతోడి యుద్ధమున గ్రీకుసైన్య మోడిపోగా, ఆసియా మైనరునందలి గ్రీకులు లక్షలకొలది నిరాశ్రయులై గ్రీసుదేశము జేరిరి. అట్టి కాందిశీకుల కుటుంబమున, ఏథెన్సు నగరములోని కైసరియాని యను గుడిసెలపేటయందు, 1928లో నీమె జన్మించెను. పదుమూడేండ్ల ప్రాయమున సీమోన్ కరాస్ అను సంగీతాచార్యునకు శిష్యురాలై, బైజాంటియ దేవాలయసంగీతమును, జానపదసంగీతమును శాస్త్రోక్తముగా నభ్యసించెను. రాత్రిబడిలో జదువుకొనుచునే యీ విద్యను సాధించెననిన నామె పట్టుదల యెట్టిదో యూహింపవచ్చును.

1954లో నామె గ్రీకు రేడియోలోని జాతీయసంగీతశాఖయం దుద్యోగమున బ్రవేశించెను. నగరమునకు వచ్చిన గాయకుల పాటలు మాత్రమే విని యామె తృప్తినొందలేదు. పల్లెలలో ముదుసళ్లు కాలధర్మము నొందుకొలది వారి పాటలును వారితోనే యంతరించుచుండెను. కావున 1963 మొదలు టేపురికార్డరును వెంటగొని యూరూర దిరిగి, పెండ్లిపాటలు, జోలపాటలు, శోకగీతములు సేకరించెను.

1967 నుండి 1974 వఱకు గ్రీసును సేనాధిపతులు నిరంకుశముగా బాలించిరి. వారు జానపదగీతములను దమ ప్రచారమునకు వాడుకొనగా, యువజనులకు వానిపై నేవగింపు గలిగెను. ఆ కాలముననే, 1971లో, సామియూ రేడియోకొలువును విడిచెను. యువగాయకుడగు దియోనీసిస్ సవోపులోస్ పిలుపుపై ఏథెన్సులోని రోడియో యను వినోదశాలలో యువజనుల యెదుట బాడెను. పాలకులు చేజిక్కించుకొనిన పాటను దిరిగి ప్రజల కప్పగించుట యన నిదియే కదా!

1976-77లో టెలివిజనుకొఱకు సంగీతయాత్రావృత్తాంతముల నొనర్చినపుడు, తానొక్కతయే పాడక, పల్లెవాసులచేతనే వారి పాటలు పాడించెను. 1981లో గ్రీకు జానపదసంగీతమునకై తన పేర నొక సంఘమును నెలకొల్పెను. 2012 మార్చినెలలో, 83 ఏండ్ల వయస్సున, దివంగతురాలయ్యెను.

క్రొత్తబాణీలు గట్టి పేరొందుట కంటె, పేరులేని తల్లులు కూర్చిన పాటను జెడకుండ బిడ్డల కందించుటయే ఘనకార్యమని యామె యెంచెను. ఆమె సేకరించిన పాటలు నేడును గ్రీసుదేశమున బాడబడుచున్నవి. ఆ శ్రమకు దగిన ఫల మింతకంటె వేఱొకటి యేమి గలదు?