డీఎన్‌ఏ రిపేర్: కణంలో రోజూ వేల దెబ్బలు.. వయసు పెరిగితే మెదడులో రిపేర్ ఎందుకు మందగిస్తుంది?

మే నెల మధ్యాహ్నం సికింద్రాబాద్ స్టేషన్ బయట ఆటో కోసం పది నిమిషాలు నిల్చున్నారనుకోండి. చెమట, దాహం వెంటనే తెలుస్తాయి. తెలియకుండా ఇంకోటి కూడా జరుగుతుంటుంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మ కణాల్లోకి దూరి డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. పక్కపక్కనే ఉన్న రెండు ‘థైమిన్’ అక్షరాలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అక్కడ డీఎన్‌ఏ వంకర తిరుగుతుంది. కాపీ తీసే ఎంజైమ్ అక్కడికి రాగానే ఆగిపోతుంది, లేదంటే తప్పు అక్షరం వేసేస్తుంది. ఇలాంటి తప్పులు పేరుకుంటే క్యాన్సర్ దాకా వెళ్లొచ్చు.

మరి రోజంతా ఎండలోనే ఉండే ట్రాఫిక్ పోలీసులు, డెలివరీ బాయ్స్ సంగతేంటి? వాళ్లకు కణం లోపలే ఒక రిపేర్ టీమ్ ఉంది. కొన్ని ప్రొటీన్లు డీఎన్‌ఏలో వంకర ఎక్కడుందో పట్టేస్తాయి. అతుక్కున్న అక్షరాలతో పాటు అటూ ఇటూ కలిపి దాదాపు 30 అక్షరాల ముక్కను కత్తిరించి తీసేస్తాయి. డీఎన్‌ఏకు రెండు పోగులుంటాయి కదా.. ఎదుటి పోగును చూసి పాలిమరేజ్ ఆ ఖాళీ నింపుతుంది. చివర్లో లైగేజ్ అతుకు వేస్తుంది.

ఎండలోకి వెళ్లకపోయినా దెబ్బలు తప్పవు. మనం పీల్చే ఆక్సిజన్, కణంలోని నీరు కూడా డీఎన్‌ఏను పాడుచేస్తాయి. ఒక్కో కణంలో రోజుకు వేలల్లోనే. ఈ రిపేర్ల గుట్టు విప్పినందుకే టోమస్ లిండాల్, పాల్ మోడ్రిచ్, అజీజ్ సంజార్‌లకు 2015లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

అసలు చిక్కు మెదడులో ఉంది. చర్మ కణం పాడైతే రాలిపోతుంది, కొత్తది వస్తుంది. న్యూరాన్లు అలా కాదు.. చిన్నప్పుడు ఉన్నవే చాలావరకు చివరిదాకా పనిచేయాలి. పైగా శరీర బరువులో మెదడు 2 శాతమే అయినా, ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే వాడేస్తుంది. అంటే దెబ్బలు ఎక్కువ, కణాన్ని మార్చుకునే వీలు తక్కువ.

దీనిపైనే ఊరికి అటు చివర, గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ కె.సుబ్బారావు టీమ్ ఏళ్ల తరబడి పనిచేసింది. వయసు మీరిన ఎలుకల న్యూరాన్లలో డీఎన్‌ఏ తెగిన చోట్లు పెరుగుతున్నాయని, రిపేర్ సత్తా తగ్గుతోందని గుర్తించింది. ఎందుకు? 2005లో వచ్చిన పేపర్‌లో దానికి ఒక జవాబు దొరికింది. ముసలి ఎలుకల న్యూరాన్ల నుంచి తీసిన సారంలో, మధ్యలో ఖాళీ ఉన్న డీఎన్‌ఏ ముక్కను వేస్తే అది సరిగ్గా పూడలేదు. అందులో పాలిమరేజ్ బీటా, లైగేజ్ బయటి నుంచి కలిపారు. ఆగిన రిపేర్ మళ్లీ నడిచింది! అంటే ఫ్యాక్టరీ మూతపడలేదు, పనివాళ్లు తగ్గిపోయారంతే.

అయితే ఇది టెస్ట్‌ట్యూబ్‌లో, ఎలుకల కణాలతో చేసిన ప్రయోగం. నాన్నకు మతిమరుపు మొదలైందని ఆన్‌లైన్‌లో ‘డీఎన్‌ఏ రిపేర్’ పేరుతో కనిపించే క్యాప్సూల్స్ కొనేసే ముందు ఒక్కసారి ఆలోచించండి. ఆ ఎంజైమ్‌లు కూడా ప్రొటీన్లే. మింగితే పప్పు అరిగినట్టు కడుపులోనే అరిగిపోతాయి, మెదడు దాకా వెళ్లవు. చర్మం సంగతి కాస్త నయం.. మధ్యాహ్నం గొడుగు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా ఉంటే పడే దెబ్బలే తగ్గుతాయి.