కవచము వెనుక కన్ను

ఒక మనిషిని ఇనుప బీరువాలో నిలబెట్టి, తలుపు మూసి, కంటికి ఎదురుగా వ్రేలి వెడల్పు సందు మాత్రము ఉంచినారనుకొందము. ఆ బీరువాను సంతవీధిలో నడిపించుచు, ఎడమప్రక్కనుండి రాయి విసరబోవువాడు ఎవడో చెప్పుమన్నచో అతడు ఏమి చెప్పగలడు? ట్యాంకు అని పిలువబడు యుద్ధశకటములో కూర్చున్న సైనికుల స్థితి మొదటినుండియు ఇట్టిదే. ఉక్కు కవచము తుపాకిగుండును ఆపును. కాని వెలుతురును కూడ ఆపును. కవచము దళసరియైన కొలది లోపలివారికి రక్షణ పెరుగును, చూపు తరుగును. నూరేండ్లకు పైగా ఇంజనీర్లు ఈ చిక్కుతోనే పెనుగులాడుచున్నారు. వారు పన్నిన ఉపాయములలో పెక్కింటికి మూలము ఉన్నత పాఠశాలలో నేర్పు భౌతికశాస్త్రమే.

సందులగుండ చూచిన యుద్ధము

1916 సెప్టెంబరు 15న ఫ్రాన్సులోని సోమ్ నదీప్రాంతమున బ్రిటిషువారు మొదటిసారిగా ట్యాంకులను యుద్ధమున దింపిరి. ఒక్కొక్క శకటములో ఎనిమిదిమంది. ఇంజను కూడ వారి నడుమనే ఉండెను. దాని వేడి, పొగ, చప్పుడు నడుమ కూర్చుండి, సన్నని సందులగుండ వారు బయటకు చూచిరి. శత్రువుల గుండ్లు ఆ సందుల అంచులకు తగిలి చిట్లినప్పుడు సన్నని లోహపు తునకలు లోపలికి చిమ్మి కండ్లకు తగులుచుండెను. అందుచే సైనికులు ఉక్కురేకుతోను, గొలుసుల అల్లికతోను చేసిన ముఖకవచములు ధరింపవలసి వచ్చెను. లోపలినుండి వార్తలు పంపుటకు పావురములను వెంట తీసికొనిపోయిరి. నాటి శకటమునకు ఫిరంగి ఉండెను, కవచముండెను. కన్నును చెవియును లేవు.

చూపుకు కన్ను మాత్రమే చాలదని 1940లో తేలిపోయెను. ఆ యేడు మే నెలలో జర్మనీ ఫ్రాన్సుపై దండెత్తినప్పుడు, ఫ్రెంచి ట్యాంకులలో పెక్కింటి కవచము జర్మను ట్యాంకుల కవచముకంటె దళసరిగా ఉండెను. కాని ఆ ఫ్రెంచి శకటముల తిరుగు బురుజులో ఒక్క మనిషికే చోటు. చుట్టును చూచుట, ఫిరంగిలో గుండు నింపుట, గురిచూచి పేల్చుట, ఆజ్ఞలిచ్చుట అన్నియు అతని పనులే. జర్మనుల పాంజర్ 3, పాంజర్ 4 రకముల బురుజులలో ముగ్గురుండిరి. కావున నాయకుడు ఇతర పనులు విడిచి పరిసరములను కనిపెట్టుచు, రేడియోలో తోడివారితో మాట్లాడుచు ఉండగలిగెను. ఫ్రాన్సు ఓటమికి ఇతర కారణములు కూడ ఉన్నను, పనుల భారముతో క్రుంగిన మనిషి కండ్లు తెరచియున్నను చూడలేడను సంగతి ఇంజనీర్లు మరువలేదు.

తన చుట్టును ఏమి జరుగుచున్నదో ఎరిగియుండుటను పరిస్థితి జ్ఞానము అనవచ్చును. 1995లో మైకా ఎండ్‌స్లీ అను అమెరికను శాస్త్రజ్ఞురాలు దీనిని మూడు మెట్లుగా విభజించెను. మొదటిది గ్రహించుట, రెండవది గ్రహించినదాని అర్థమును తెలిసికొనుట, మూడవది ఇక ఏమి జరుగబోవునో ఊహించుట. పొద వెనుక ఏదో కదలినది అనుట మొదటి మెట్టు. అది శత్రుశకటము అనుట రెండవది. అది మలుపు దాటి మన దారికి అడ్డము వచ్చును అనుట మూడవది. యంత్రములు మొదటి మెట్టునకు ఎంతో సాయపడినవి. తక్కిన రెండింటి కథ అంత సులభము కాదు.

పట్టకము చేసిన మేలు

సందునకు బదులుగా వచ్చిన మొదటి మంచి సాధనము పెరిస్కోపు. ఒక గొట్టమునకు పైన ఒకటి, క్రింద ఒకటి చొప్పున రెండు అద్దములను 45 డిగ్రీల వాలుగా అమర్చినచో, గోడకు ఈవలనున్నవాడు ఆవలి దృశ్యమును చూడగలడు. ట్యాంకులలో అద్దములకు బదులు తరచుగా గాజు పట్టకములను వాడుదురు. సాధారణ గాజునకు సందిగ్ధకోణము సుమారు 42 డిగ్రీలు. కిరణము 45 డిగ్రీల కోణముతో గాజు వెనుక ముఖమును తాకుటచే బయటకు పోలేక, సంపూర్ణాంతర పరావర్తనము చెంది లోనికి మరలును. కాంతి రెండుసార్లు వంగి వచ్చును గాని తుపాకిగుండు అట్లు వంగి రాలేదు. పై పట్టకము పగిలినను చూచువాని కన్నునకు ముప్పు లేదు.

1936లో రుడాల్ఫ్ గుండ్‌లాఖ్ అను పోలెండు దేశపు ఇంజనీరు, కూర్చున్నవాడు కదలకుండగనే వెనుకకు కూడ చూచుటకు వీలగు తిరుగు పెరిస్కోపునకు పేటెంటు పొందెను. బ్రిటిషు ట్యాంకులు దానిని స్వీకరించినవి. అంతకుముందు వెనుకకు చూడవలెనన్నచో ఆ ఇరుకులో ఒడలంతయు త్రిప్పవలసి యుండెను.

పెరిస్కోపునకును హద్దులున్నవి. నాయకుని చూపు భూమికి 2.5 మీటర్ల ఎత్తున ఉన్నదనియు, శకటపు అంచు అడ్డము వచ్చుటచే క్రిందికి 15 డిగ్రీలకు మించి చూపు పోదనియు అనుకొందము. 2.5ను టాన్ 15 డిగ్రీల విలువయగు 0.268చే భాగించినచో 9.3 వచ్చును. అనగా శకటము చుట్టును దాదాపు తొమ్మిది మీటర్ల నేల అతనికి కనబడదు! అచ్చట శత్రువు దాగియుండవచ్చును. తోవ తప్పిన పసివాడు కూడ ఉండవచ్చును.

అందుచేతనే అనుభవజ్ఞులైన నాయకులు పైమూత తెరచి, తల బయట పెట్టి చూచుటకే ఇష్టపడుదురు. ఇజ్రాయెల్ సేనలో ఇది గట్టి అలవాటు. దానివలన వారికి యుద్ధరంగము బాగుగా తెలియుచుండెను. కాని 1973 అక్టోబరు యుద్ధములో ఇట్లు తల బయట పెట్టిన నాయకులు అనేకులు ప్రాణములు కోల్పోయిరి. చూడవలెనన్నచో కవచము వదలవలెను. కవచము కావలెనన్నచో చూపు వదలవలెను. ఈ బేరమును తప్పించుటయే తరువాతి పరిశోధనల లక్ష్యము.

చీకటిలో చూపు

ఆ 1973 యుద్ధమునందే గోలన్ కొండలపై రాత్రివేళ మరియొక కష్టము బయటపడెను. సిరియా ట్యాంకులకు పరారుణ దీపములు, ఆ కాంతిని చూపు దర్శినులు ఉండెను. ఇజ్రాయెల్ వారికి అట్టివి చాలినన్ని లేవు. పరారుణ కాంతి మామూలు కంటికి కనబడదు. దానిని దీపమువలె ప్రసరింపజేసి, తగిన దర్శినిగుండ చూచినచో ఎదుటివానికి తెలియకుండగనే అతనిని చూడవచ్చును. కాని ఎదుటివాని యొద్ద కూడ అట్టి దర్శిని ఉన్నచో, దీపము వెలిగించినవాడే ముందుగా పట్టుబడును.

తరువాత వచ్చిన సాధనము దీపము లేకయే పనిచేయును. అది నక్షత్రముల మసక వెలుతురును వేలరెట్లు పెంచి చూపును. అయినను పొగలోను, దుమ్ములోను అది అంతగా పనికిరాదు. మూడవ సాధనము వేడిని చూచునది. ప్రతి వస్తువును తన ఉష్ణోగ్రతనుబట్టి కిరణములు వెలువరించుచుండును. వీన్ సూత్రము ప్రకారము 2898ని కెల్విన్ మానములోని ఉష్ణోగ్రతచే భాగించినచో, ఆ వికిరణము గరిష్ఠముగా నుండు తరంగదైర్ఘ్యము మైక్రోమీటర్లలో వచ్చును. మనిషి చర్మము సుమారు 305 కెల్విన్ అనుకొన్నచో 9.5 మైక్రోమీటర్లు వచ్చును. మన కన్ను చూడగలది 0.4 నుండి 0.7 వరకు మాత్రమే. వేడిని చూచు కెమేరాలు తరచుగా 8 నుండి 12 మైక్రోమీటర్ల మధ్య పనిచేయును. ఈ కిరణములను సామాన్యపు గాజు సాగనీయదు. కావున వాని కటకములను జర్మేనియముతో చేయుదురు. మన కంటికి లోహమువలె తోచు జర్మేనియము ఆ కిరణములకు పారదర్శకము!

కనబడుట వేరు, గుర్తించుట వేరు

1991 ఫిబ్రవరిలో ఇరాకు ఎడారిలో జరిగిన యుద్ధమున అమెరికా ట్యాంకులు ఇట్టి ఉష్ణదర్శినులతో ఇసుకగాలిలోను, చీకటిలోను కూడ ఇరాకు శకటములను దూరమునుండియే కనిపెట్టినవి. అయితే తెరమీద కనబడునది వెచ్చని మచ్చ మాత్రమే. అది ఎవరి శకటమో ఆ దూరమున తెలియదు. ఆ యుద్ధములో పోరాటమున మరణించిన అమెరికను సైనికులలో దాదాపు నాలుగవ వంతుమంది తమవారి కాల్పులకే బలియైరి. ఫిరంగి ఎంతదూరము పేల్చగలదో అంతదూరము గుర్తింపగల కన్ను లేకపోవుట దీనికి ముఖ్యకారణములలో ఒకటి. మొదటి మెట్టు ఎక్కినంతమాత్రమున రెండవ మెట్టు ఎక్కినట్లు కాదని అచ్చట ప్రాణములతో నేర్చుకొనవలసి వచ్చెను.

దీనికి విరుగుడుగా శకటములను పరస్పరము కలిపిరి. ప్రతి శకటము తానున్న చోటును ఉపగ్రహముల సంకేతములనుబట్టి లెక్కకట్టి, రేడియోద్వారా ఇతరులకు తెలుపును. కంప్యూటరు తెరమీది పటములో తమవారు నీలిగుర్తులుగను, శత్రువులు ఎర్రగుర్తులుగను కనబడుదురు. 2003లో ఇరాకులో అమెరికా సేనలు దీనిని విరివిగా వాడినవి. ఇందును జాగ్రత్త అవసరము. పటములోని గుర్తు ఆ శకటము ఇప్పుడున్న చోటును కాదు, కడపటి వార్త పంపినప్పుడున్న చోటును తెలుపును. గంటకు 36 కిలోమీటర్ల వేగముతో పోవు శకటము ఒక్క నిమిషములో 600 మీటర్లు జరిగిపోవును. ఎర్రగుర్తు లేనిచోట శత్రువు లేడనుకొనుట మరింత ప్రమాదము. ఎవరో ఒకరు చూచి తెలిపిననే కదా గుర్తు పడుట!

చెవులు, తోలువంటి గ్రహణము

కాల్పులు ఏ దిక్కునుండి వచ్చినవో శబ్దమునుబట్టి కూడ తెలిసికొనవచ్చును. శకటముపై ఒక మీటరు ఎడముగా రెండు మైక్రోఫోనులున్నవనుకొందము. గాలిలో ధ్వనివేగము సెకనుకు సుమారు 340 మీటర్లు. ధ్వని వాని వరుసవెంట వచ్చినచో ఒకదానికి ముందు, రెండవదానికి సుమారు 3 మిల్లీసెకనుల తరువాత వినబడును. అడ్డముగా వచ్చినచో రెండింటికి ఒకేసారి వినబడును. ఈ భేదమునుబట్టి దిక్కును లెక్కింతురు. కుడియెడమల సందేహము తీర్చుటకు మరికొన్ని మైక్రోఫోనులు చేర్చుదురు. ధ్వనికంటె వేగముగా వచ్చు గుండు తనవెంట ఆఘాతతరంగమును తెచ్చును. తుపాకి ప్రేలిన చప్పుడు దాని వెనుక వచ్చును. రెంటి నడుమనున్న కాలముతో దూరమును అంచనా వేయవచ్చును.

శత్రువు దూరమును కొలుచుటకు లేజరు కిరణము ప్రయోగించినచో, శకటముపై అమర్చిన కాంతిగ్రాహకములు వెంటనే హెచ్చరించును. మన తోలు వేడిని, స్పర్శను ఒడలంతట గ్రహించునట్లు, నేటి శకటము తన ఒడలంతట ఇట్టి గ్రాహకములను ధరించుచున్నది.

పారదర్శకమైన ఉక్కు

ఇటీవలి ఉపాయము ఇంకను విచిత్రమైనది. శకటము చుట్టును కెమేరాలు బిగించి, వాని చిత్రములను కంప్యూటరు ఒకటిగా అతికి, నాయకుని శిరస్త్రాణములోని చిన్నతెరపై చూపును. అతడు తల ఎటు త్రిప్పిన అటువైపు దృశ్యము కనబడును. ఉక్కుగోడ గాజుగోడ అయినట్లుండును. 2023లో ఇజ్రాయెల్ సేనకు అందిన బరాక్ ట్యాంకులో ఇట్టి శిరస్త్రాణమున్నది.

దీనికిని రెండు లెక్కలు హద్దులు గీయుచున్నవి. ఒక కెమేరా 90 డిగ్రీల దృశ్యమును అడ్డముగా 1920 బిందువులలో చూపునని అనుకొందము. ఒక కిలోమీటరు దూరమున ఒక్కొక్క బిందువు 82 సెంటీమీటర్ల వెడల్పును తెలుపును. మనిషి వెడల్పు అర మీటరే. అతడొక బిందువులో మునిగిపోవును. మంచి చూపుగల కన్ను అదే దూరమున సుమారు 29 సెంటీమీటర్ల తేడాను గుర్తించును. రెండవది ఆలస్యము. చిత్రము తెరకు చేరుటకు సెకనులో అయిదవవంతు పట్టినను, గంటకు 36 కిలోమీటర్ల వేగమున శకటము రెండు మీటర్లు ముందుకు పోయియుండును. పైగా శరీరము పొందు కదలికకు, కన్ను చూచు కదలికకు పొంతన కుదరక తల తిరుగును. అందుచే సుదూరమును చూచుటకు ఇరుకైన దృష్టిగల శక్తివంతమైన దర్శినిని వేరుగా ఉంచుదురు.

ఈ విద్య తెలుగునాటికి దూరమైనది కాదు. మచిలీపట్నములో 1926లో స్థాపింపబడిన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ తనలో చేర్చుకొనెను. రాత్రివేళ చూచుటకు తోడ్పడు దర్శినులు అచ్చట తయారగుచున్నవి. పదాతి సైనికులను మోసికొనిపోవు శరత్ అను కవచశకటములు తెలంగాణలోని ఎద్దుమైలారము కర్మాగారమున తయారగుచున్నవి.

2022లో ప్రారంభమైన ఉక్రెయిన్ యుద్ధము మరియొక పాఠము నేర్పినది. చిన్న డ్రోనులు పైనుండి వచ్చి ట్యాంకులను కొట్టుచున్నవి. నూరేండ్లుగా ముందుకు, ప్రక్కలకు, వెనుకకు చూచుట నేర్చిన శకటము ఇప్పుడు ఆకసమును చూచుట నేర్చుకొనవలసి వచ్చినది. ఒక దిక్కును కాపాడుకొన్నచో ఆపద మరియొక దిక్కునుండి వచ్చును.

అన్ని దిక్కులు కనబడినను, అన్ని శబ్దములు వినబడినను, కడకు ఒక మనిషి క్షణములో నిర్ణయము చేయవలెను. పది తెరలు ఒకేసారి మెరయుచుండగా, పది హెచ్చరికలు మ్రోగుచుండగా, అతని స్థితి 1940 నాటి ఒంటరి నాయకుని స్థితివలె కాగలదు. కనుక మంచి యంత్రము అన్నియు చూపునది కాదు; అవసరమైనదానిని అవసరమైన క్షణమున చూపునది. ఆ వెచ్చని మచ్చ శత్రువా, మిత్రుడా, దారి తప్పిన గ్రామస్థుడా అను ప్రశ్నకు సరియైన సమాధానము దొరకుటకే ఈ పట్టకములు, కటకములు, ఉపగ్రహములు అన్నియు. ఆ సమాధానము తప్పినచో ఎంత దళసరి కవచమైనను ఆ తప్పును దిద్దలేదు.