రెక్క ఆడించని తూనీగ

వాన వెలిసిన సాయంకాలం పామాయిల్ తోట అంచునో, మన ఆటస్థలం మీదనో తూనీగల గుంపును మీరు చూసియే ఉంటారు. పొరుగు తమిళ పిల్లలు దీనిని తుంబి అంటారు. ఆ మాట విని మీరు తుమ్మెద అని వ్రాయరాదు; తుమ్మెద వేరు, తూనీగ వేరు.

ఒక తూనీగపై దృష్టి నిలపండి. కొంతసేపు రెక్కలు ఆడించి, పిదప నాలుగు రెక్కలనూ చాచి కదల్చక గాలిలో జారిపోతుంది. జుగ్రా కొండ మీదినుండి పారాగ్లైడర్లతో దిగేవారు చేసేదీ ఇదే. ఎత్తును కొంచెం కొంచెంగా ఖర్చు చేస్తూ ముందుకు సాగడమన్నమాట. కాస్త ఏటవాలుగా ఉన్న రెక్క ఎదురైన గాలిని క్రిందికి మళ్ళిస్తుంది. ఆ గాలి రెక్కను పైకి నెడుతుంది.

విమానపు రెక్క నున్నగా ఉంటుంది. తూనీగ రెక్కనో, కాగితపు విసనకర్రవలె మిట్టపల్లాలతో ఉంటుంది. ఇవి గాలికి అడ్డు కావా? కావు. పల్లాలలో చిన్న సుడులు చిక్కుకొని తిరుగుతూ గుంటలను పూడ్చినట్లు చేస్తాయి. పైగాలి వాటి మీదుగా నున్నగా జారిపోతుంది. మడతల వలన బలమూ కలుగుతుంది. రెండు పుస్తకాల నడుమ వంతెనవలె కాగితం పరచి, దానిపై రబ్బరు పెట్టండి, కాగితం కుంగుతుంది. అదే కాగితాన్ని ఒక పుస్తకం నుండి రెండవ దానివరకు మడతలు సాగేటట్లు మడిచి పెట్టి చూడండి. వెంట్రుక కంటె పలుచనైన పొర తూనీగను ఎలా మోస్తుందో తెలుస్తుంది.

రెక్క కొనకు దగ్గరగా, ముందంచున చిన్న ముదురు మచ్చ ఒకటి ఉంటుంది. అది అలంకారం కాదు, బరువు. వేగంగా జారేటప్పుడు రెక్క మెలిపడి అదరకుండ అది కాపాడుతుంది. ఆ మచ్చ వలన ఒక జాతి తూనీగ 10 నుండి 25 శాతం ఎక్కువ వేగంతో అదురు లేక జారగలదని 1972లో నోర్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు తెలిపాడు.

మన ఆటస్థలంపై తిరిగే పసుపువన్నె తూనీగకు వెనుక రెక్కలు మొదట వెడల్పుగా ఉంటాయి. జారడానికి అవి మిక్కిలి అనువైనవి. మంచినీటి చెరువులు దాదాపు లేని మాల్దీవులకు ఇవి ఏటా అక్టోబరులో గుంపులుగా వస్తాయి. భారతదేశం నుండి గాలివాటున సముద్రం దాటి తూర్పు ఆఫ్రికాకు పోతున్నాయని 2009లో చార్లెస్ ఆండర్సన్ ప్రతిపాదించాడు. మన ముత్తాతలు ఓడలెక్కి సముద్రం దాటారు. దీనికి ఓడయూ లేదు.

తోకకు దారం కట్టకండి. ఆ బరువుతో అది జారలేదు. చినిగిన రెక్క మరల పెరగదు. దూరంగా నిలిచి, రెక్క ఆడించక అది ఎన్ని అంకెలు లెక్కపెట్టేవరకు సాగుతుందో మీ నోటుపుస్తకంలో వ్రాయండి. గాలి వీచే రోజున ఒకసారి, వీచని రోజున ఒకసారి.