ఖరగ్‌పూర్ తెలుగువారు: పట్టాల వెంట వచ్చిన బతుకు, పట్టాలు దాటాల్సిన తరం

పశ్చిమ బెంగాల్‌లో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని 2020 డిసెంబరులో ఆ రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. శాసనసభ ఎన్నికలకు కొన్ని నెలల ముందు వచ్చిన ఈ నిర్ణయం వెనుక ప్రధానంగా ఉన్నది ఒక్క ఊరు: పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్. బెంగాల్‌లో తెలుగు అడిగేవాళ్లెవరని అప్పట్లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చాలామంది ఆశ్చర్యపోయారు. ఖరగ్‌పూర్‌లో మాత్రం ఇది కొత్త ప్రశ్న కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వెళ్లిన కుటుంబాలు అక్కడ నాలుగైదు తరాలుగా ఉంటున్నాయి.

వాళ్లను అక్కడికి తీసుకెళ్లింది రైలు. నిలబెట్టిందీ రైల్వే ఉద్యోగమే. ఇప్పుడు ఆ ఉద్యోగం దొరకడం కష్టమైపోయింది. భాషకు హోదా వచ్చిన కాలంలోనే బతుకుతెరువుకు ఉన్న పాత ఆధారం సన్నబడటం ఈ కథలోని అసలు విషయం.

పట్టాల కూడలిలో పుట్టిన పట్టణం

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1887లో ఏర్పడింది. తెలుగువారి నోట ఇది ‘బీఎన్ఆర్’. నాగ్‌పూర్ వైపు నుంచి వచ్చే మార్గం, హౌరా మార్గం, కటక్ మీదుగా దక్షిణానికి వెళ్లే మార్గం కలిసే చోటు కావడంతో 19వ శతాబ్దం చివర్లో ఖరగ్‌పూర్ రైల్వే కేంద్రంగా ఎదిగింది. రూప్‌నారాయణ్ నదిపై వంతెన పూర్తయి 1900లో హౌరాతో నేరుగా సంబంధం ఏర్పడింది. ఇంజిన్లు, బోగీలు, వ్యాగన్లు బాగుచేసే పెద్ద వర్క్‌షాప్ కూడా ఆ కాలంలోనే వచ్చింది. దాని చుట్టూ కంపెనీయే కాలనీలు, ఆసుపత్రి, బజారు కట్టింది.

ఇదే సమయంలో తెలుగు తీరం వెంట మరో మార్గం పడింది. విజయవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893–1896 మధ్య ప్రయాణాలకు తెరుచుకుంది. 1900 తర్వాత దాన్ని రెండుగా పంచారు. వాల్తేరుకు దక్షిణాన ఉన్న భాగం మద్రాసు రైల్వేకు, ఉత్తరాన ఉన్నది బీఎన్ఆర్‌కు వెళ్లాయి. దాంతో విజయనగరం, చీపురుపల్లి, ఆమదాలవలస, నౌపడ, పలాస, ఇచ్ఛాపురం స్టేషన్లన్నీ ఖరగ్‌పూర్ ఉన్న కంపెనీ కిందికే వచ్చాయి. వాల్తేరు నుంచి ఖరగ్‌పూర్ సుమారు 760 కిలోమీటర్లు. ఊరి స్టేషన్‌లో ఎక్కితే కంపెనీ మారకుండా వర్క్‌షాప్ ఊళ్లో దిగొచ్చు.

ఊరు ఎందుకు వదిలారు?

రైలు దారి చూపింది గానీ, కదిలించింది కరువు. ఉత్తర కోస్తాలో సాగు ఎక్కువగా వానపైనే ఆధారపడేది. పొలాలు జమీందారీ ఎస్టేట్ల కింద ఉండేవి. పంట పోయినా శిస్తు తప్పేది కాదు. 1866లో ఒడిశాను కబళించిన కరువు గంజాం దాకా పాకింది. 1876–78లో, మళ్లీ 1896–97లో కరువులు వచ్చాయి. కోతలయ్యాక ఊళ్లో పని లేని నెలలు ఎటూ ఉండేవి.

అప్పటికే ఈ తీరం నుంచి వలస అలవాటైన పనే. కాకినాడ, విశాఖ, కళింగపట్నం రేవుల నుంచి ఓడెక్కి వేలమంది బర్మా వెళ్లేవారు. దాన్ని ‘రంగం వెళ్లడం’ అనేవారు. రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో తెలుగు కూలీలే ఎక్కువగా కనిపించేవారు. 1930 మేలో రంగూన్ రేవు పనుల విషయంలో తెలుగు కూలీలకూ బర్మీయులకూ మధ్య ఘర్షణలు చెలరేగాయి. 1941 డిసెంబరులో జపాన్ బాంబులు పడటంతో ఆ దారి దాదాపుగా మూసుకుపోయింది. నేల మీది దారి మాత్రం తెరిచే ఉంది.

ఖరగ్‌పూర్ వెళ్లినవారికి మొదట దొరికింది కాయకష్టమే. వర్క్‌షాప్‌లో కలాసీ, పట్టాల మీద గ్యాంగ్‌మన్, యార్డులో పాయింట్స్‌మన్, ఇంజిన్‌లో బొగ్గు వేసే ఫైర్‌మన్, కాలనీల్లో పారిశుద్ధ్య పని. ఒకరు కుదురుకుంటే తమ్ముణ్ని, బావమరిదిని, ఊరివాణ్ని రప్పించేవారు. అలా నింపురా, మథురాకాటి, ఓల్డ్ సెటిల్‌మెంట్ వంటి పేటల్లో తెలుగు వినిపించడం మొదలైంది. తమిళులు, ఒడియావారు, బిహారీలు, పంజాబీలు, ఆంగ్లో ఇండియన్లు కూడా ఇలాగే చేరడంతో ఖరగ్‌పూర్‌కు ‘మినీ ఇండియా’ అనే పేరొచ్చింది.

జీతం ఒక్కటే కాదు

రంగం వెళ్లినవాళ్లలో ఎక్కువమంది తిరిగొచ్చేశారు. ఖరగ్‌పూర్ వెళ్లినవాళ్లు ఉండిపోయారు. రైల్వే ఉద్యోగంతో పాటు వచ్చినవి చూస్తే దీనికి కారణం తెలుస్తుంది.

క్వార్టర్ ఉండబట్టి భార్యాపిల్లలను తెచ్చుకోగలిగారు. ఆసుపత్రి, బడి అందుబాటులో ఉన్నాయి. ప్రావిడెంట్ ఫండు, తర్వాతి కాలంలో పింఛను ముసలితనానికి భరోసా ఇచ్చాయి. ఏటా దొరికే ఉచిత పాసుల వల్ల సంక్రాంతికి ఊరెళ్లడం, అక్కడే సంబంధాలు చూసుకోవడం, అమ్మవారి మొక్కు తీర్చుకోవడం భారం కాలేదు. ఊరితో తెగకుండానే మరో ఊరివాళ్లయ్యారు. తెలుగు మాధ్యమం బడులు, గుళ్లు, చర్చిలు, సంఘాలు ఆ స్థిరత్వం మీదే వెలిశాయి.

ఈ హక్కులు ఊరికే రాలేదు. 1927లో ఖరగ్‌పూర్ వర్క్‌షాప్ కార్మికులు సమ్మె చేశారు. అదే ఏడాది పెద్ద సంఖ్యలో కార్మికుల తొలగింపుపై గొడవ ముదిరి లాకౌట్ దాకా వెళ్లింది. ఆ కాలంలో బీఎన్ఆర్ కార్మిక సంఘాన్ని నడిపిన నాయకుల్లో బరంపురం లాయరు వరాహగిరి వెంకటగిరి ముఖ్యుడు. తర్వాత ఆయన రాష్ట్రపతి అయ్యారు. 1974 మేలో 20 రోజులు సాగిన దేశవ్యాప్త రైల్వే సమ్మెను ప్రభుత్వం అణచివేసినప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది ఆయనే.

తండ్రి నుంచి కొడుకుకు: ఆ దారి ఎలా మూసుకుంది?

రైల్వే కాలనీల్లో పిల్లలకు భవిష్యత్తు గురించి పెద్ద ఊహ అక్కర్లేకుండేది. ఎనిమిదో తరగతో, పదో తరగతో చదివితే కింది స్థాయి ఉద్యోగానికి అర్హత. ముందు క్యాజువల్ కూలీగా చేరి, కొన్నేళ్లకు పర్మినెంట్ కావచ్చు. క్యాజువల్ కార్మికులను దశలవారీగా స్థిరపరచాలని 1985లో ఇందర్‌పాల్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పడం ఈ ఆశకు బలమిచ్చింది.

తర్వాత ఒక్కొక్కటిగా మారాయి. ఆవిరి ఇంజిన్లు 1990ల నడుమకల్లా దాదాపు కనుమరుగయ్యాయి. వాటితోపాటే బొగ్గు, బాయిలర్ పనులూ పోయాయి. దేశం మొత్తంమీద 1991 నాటికి సుమారు 16.5 లక్షల మంది రైల్వే ఉద్యోగులు ఉండగా, ఇప్పుడా సంఖ్య 12 లక్షల దరిదాపుల్లో ఉంది. బోగీల శుభ్రత, క్యాటరింగ్ వంటి పనులు కాంట్రాక్టర్ల చేతికి వెళ్లాయి.

వారసత్వానికి అధికారికంగా ఒక దారి మిగిలింది. భద్రతకు సంబంధించిన పనుల్లో ఉన్న గ్యాంగ్‌మన్లు, డ్రైవర్లు ముందే రిటైరైతే అర్హత ఉన్న కొడుకునో కూతురినో తీసుకునే పథకాన్ని రైల్వే 2004లో తెచ్చింది. 2010లో దాన్ని మరికొన్ని విభాగాలకు విస్తరించింది. పుట్టుకను బట్టి ప్రభుత్వ ఉద్యోగం దక్కడం సమానావకాశాల సూత్రానికి నిలవదని 2016లో పంజాబ్–హరియాణా హైకోర్టు ఆక్షేపించింది. 2018లో రైల్వే బోర్డు పథకాన్ని ఎత్తేసింది. ఉద్యోగంలో ఉండగా మరణిస్తే ఇచ్చే కారుణ్య నియామకం మాత్రం మిగిలింది.

కోర్టు తర్కం సరైనదే. బయటివారికి అందకుండా ఒక ఉద్యోగం కుటుంబాల్లోనే తిరగడం న్యాయం కాదు. కానీ మరో ఉపాధి లేని రైల్వే కాలనీపై దాని దెబ్బ గట్టిగా పడుతుంది. 2019లో రైల్వే ప్రకటించిన సుమారు 1.03 లక్షల కింది స్థాయి పోస్టులకు దేశవ్యాప్తంగా కోటీ 15 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. పరీక్ష 2022లో జరిగింది. గ్యాంగ్‌మన్ కొడుకు ఇప్పుడు తండ్రి పనికోసమే వందమందికి పైగా పోటీదారులను దాటాలి. దాటినా తండ్రికున్న పాత పింఛను ఉండదు. 2004 జనవరి 1 తర్వాత చేరినవారికి వర్తించేది కొత్త పద్ధతి. కొంత హామీ ఉన్న ఏకీకృత పింఛను పథకం ఎంచుకునే వీలు 2025 ఏప్రిల్‌లోనే వచ్చింది.

కుల ధ్రువపత్రం దగ్గర చిక్కు

రైల్వేలో కాకపోతే రాష్ట్ర ప్రభుత్వ కొలువు చూసుకోవచ్చు కదా? ఇక్కడే బయటివారికి కనిపించని అడ్డంకి ఉంది.

ఎస్సీ, ఎస్టీ జాబితాలు రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయిలో పెరిగిన ఒక విద్యార్థి తన ఎస్టీ హోదాతో మహారాష్ట్రలో మెడికల్ సీటు కోరాడు. మర్రి చంద్రశేఖర్ రావు కేసుగా పేరుపడ్డ ఈ వ్యవహారంలో 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పింది. ఒక రాష్ట్రంలో ఉన్న హోదా వలస వెళ్లినవారి వెంట మరో రాష్ట్రానికి రాదన్నది దాని సారాంశం.

వలస వచ్చినవారికి తండ్రి ధ్రువపత్రం ఆధారంగా పత్రం ఇవ్వొచ్చని కేంద్రం ఆదేశాలున్నాయి. అయితే అది సొంత రాష్ట్రంలోనూ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లోనూ చెల్లుతుంది. ఉంటున్న రాష్ట్రం ఇచ్చే సీట్లకు, కొలువులకు చెల్లదు.

రైల్వే కేంద్ర సంస్థ కాబట్టి తాతల కాలంలో ఈ తేడా పెద్దగా బాధించలేదు. ఇప్పుడు రైల్వే వెలుపల బతుకు వెతుక్కోవాల్సి వచ్చేసరికి, బెంగాల్‌లోనే పుట్టి పెరిగిన దళిత తెలుగు యువకుడు ఆ రాష్ట్ర కొలువుకు జనరల్ అభ్యర్థిగా నిలబడాలి. ఆంధ్రకు వెళ్తే అక్కడ స్థానికత రుజువు చేసుకోవాలి. రెండు చోట్లా అతను సగం బయటివాడే.

ఇల్లు, జోన్, భాష

ఇంటి విషయమూ ఇలాంటిదే. క్వార్టర్ ఉద్యోగంతో ముడిపడినది. రిటైరైన కొన్ని నెలల్లో ఖాళీ చేయాలి. డబ్బు కూడబెట్టినవారు మలంచా, ఇందా వంటి చోట్ల స్థలం కొనుక్కున్నారు. లేనివారు రైల్వే భూమిలోనే బస్తీల్లో మిగిలారు. అక్కడ ఓటు మున్సిపాలిటీకి, నేల రైల్వేది. కుళాయి, మురుగు కాలువ, ఇంటి పట్టా అడగాలంటే ఇద్దరి మధ్యా తిరగాలి.

సొంత ప్రాంతంతో ఉన్న పరిపాలనా బంధం కూడా 2003లో తెగింది. అప్పటిదాకా ఖరగ్‌పూర్, వాల్తేరు డివిజన్లు రెండూ ఆగ్నేయ రైల్వేలోనే ఉండేవి. ఆ ఏడాది వాల్తేరు, భువనేశ్వర్ కేంద్రంగా ఏర్పడిన తూర్పు కోస్తా రైల్వేకు వెళ్లింది. విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా జోన్‌ను 2019లో ప్రకటించారు. ఊరికి బదిలీ కావాలంటే ఇప్పుడు జోన్ దాటాలి.

ఇక భాష సంగతి. బెంగాల్ మాధ్యమిక బోర్డులో తెలుగును ప్రథమ భాషగా రాసే వీలు ముందునుంచీ ఉంది. అధికార హోదాతో తెలుగులో అర్జీ పెట్టుకోవడానికి, బడులు, ఉపాధ్యాయులు కావాలని అడగడానికి చట్టం ఆసరా దొరికింది. అయితే తెలుగు బడి నిలవాలంటే తెలుగులో పాఠం చెప్పగలిగి, బెంగాల్ నియామక నిబంధనల్లో నెగ్గగల ఉపాధ్యాయుడు దొరకాలి. బయట ఉద్యోగానికి బెంగాలీ, ఇంగ్లిష్, హిందీ పనికొస్తుంటే పిల్లల్ని తెలుగు మాధ్యమంలో చేర్చడానికి తల్లిదండ్రులు వెనకాడటం సహజం. భాష బడిలో నిలవాలంటే, ఆ బడిలో చదివినవారికి పని దొరకాలి.

ఇప్పటి వలసకు ఇదే కొలబద్ద

శ్రీకాకుళం తీరం నుంచి వలస ఆగలేదు, దిక్కు మారింది. మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి ఇతరుల బోట్లపై నెలల తరబడి వేట చేస్తారు. 2018 చివర్లో పాకిస్తాన్ చేతికి చిక్కినవారిలో 20 మంది ఆంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో విడుదలయ్యారు. అదే ఏడాది లాక్‌డౌన్‌లో వేలమంది అక్కడి రేవులో బోట్లలోనే చిక్కుకుపోయారు. వాళ్లకు వెరావల్‌లో క్వార్టర్ లేదు, బడి లేదు, సర్వీసు రికార్డు లేదు. ఎన్నేళ్లు వెళ్లినా ఆ ఊరు వాళ్లది కాదు.

ఒకే తీరం నుంచి సాగిన ఈ రెండు వలసల్లోనూ శ్రమ ఒకటే. తేడా హక్కుల్లో ఉంది. ఖరగ్‌పూర్‌కు వెళ్లిన కలాసీ ఒక తరంలోనే కుటుంబాన్ని నిలబెట్టుకున్నాడు, మనవణ్ని చదివించాడు. ఆ మనవల్లో కొందరు ఐటీ ఉద్యోగాలకు హైదరాబాద్, బెంగళూరు చేరారు. చేరలేనివారు అదే వర్క్‌షాప్ గేటు దగ్గర కాంట్రాక్టు కూలీలుగా మిగులుతున్నారు.

వారికి కావలసినవి చిన్నవే. రైల్వే వర్క్‌షాప్‌లో అప్రెంటిస్ శిక్షణ పూర్తిచేసినవారికి కింది స్థాయి పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. ఆ సీట్ల సమాచారం బస్తీలకు చేరాలి. కాంట్రాక్టు కూలీకి కనీస వేతనం, ప్రావిడెంట్ ఫండు చట్టం ప్రకారం అందాలి. బస్తీ ఇంటిపై రైల్వే, మున్సిపాలిటీ ఒక మాటకు రావాలి. తరాలుగా ఉంటున్నవారి కులాల విషయంలో రెండు రాష్ట్రాలూ కేంద్రమూ మాట్లాడుకోవాలి. జాబితా మార్చే అధికారం పార్లమెంటుకు ఉంది.

తెలుగుకు దక్కిన హోదా వల్ల ఈ కోరికలన్నీ ఇప్పుడు సొంత భాషలోనే రాసి ఇవ్వొచ్చు. వాటికి వచ్చే జవాబును బట్టే ఆ హోదా విలువ తేలుతుంది.