ఒంటికాలి మీద నిలవలేని నెలలు

ఆరో నెల దాటాక కొందరు గర్భిణులకు విచిత్రమైన నొప్పి మొదలవుతుంది. నాలుగడుగులు బాగానే నడుస్తారు. చుడీదార్ ప్యాంటు తొడుక్కుందామని ఒక కాలు ఎత్తారా, గజ్జల్లో కత్తి దించినట్టుంటుంది. రాత్రి పక్కకు ఒత్తిగిలాలన్నా మంచం అంచు పట్టుకోవాల్సిందే. ఇంట్లో చెబితే "కడుపుతో ఉన్నప్పుడు మామూలేనమ్మా" అంటారు. దాదాపు ఐదుగురిలో ఒకరికి వస్తుంది గనుక ఆ మాట నిజమే. కానీ ఓర్చుకుని ఊరుకోవాలన్న మాట మాత్రం తప్పు. దీనికి వైద్యం ఉంది.

కటి ఎముకలు ఉంగరంలా ఉంటాయి. వెనక రెండు తుంటి ఎముకల మధ్య త్రికాస్థి చీలలా దిగి ఉంటుంది. ముందు, పొత్తికడుపు దిగువన, ఆ ఎముకలు మృదులాస్థితో కలుస్తాయి. అక్కడి సందు మామూలుగా 4, 5 మిల్లీమీటర్లు. గర్భంలో మరో 2, 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. లిగమెంట్లను వదులుచేసే రిలాక్సిన్ హార్మోనే దోషి అని చాలాకాలం అనుకున్నారు. కొలిచి చూస్తే ఆ హార్మోను ఎక్కువున్న వాళ్ళకే నొప్పి ఎక్కువ అని తేలలేదు. సందు వెడల్పుకూ నొప్పి తీవ్రతకూ కూడా పొంతన కుదరలేదు. కాబట్టి "ఎముకలు విడిపోతున్నాయేమో" అని హడలిపోనక్కర్లేదు.

మరి లోపం ఎక్కడ? 1990లలో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ పరిశోధకులు ఈ కీళ్ళు నిలబడే తీరును వివరించారు. ఎముకలు ఒకదానిలో ఒకటి ఇమిడే ఆకారం సగం పని చేస్తుంది. చుట్టూ ఉన్న కండరాల బిగింపు మిగతా సగం చూసుకుంటుంది. లిగమెంట్లు వదులైనప్పుడు కండరాల మీద భారం పెరుగుతుంది. ఒంటికాలి మీద నిలిచినప్పుడు ఆ లోటు బయటపడుతుంది.

దీన్ని పట్టుకునే పరీక్ష నాకెంతో ఇష్టం. ఫిజియోథెరపిస్టు వెల్లకిల పడుకోబెట్టి, మోకాలు వంచకుండా ఒక కాలు జానెడెత్తు లేపమంటారు. కాలు బండరాయిలా బరువనిపిస్తుంది. తర్వాత తుంటికి రెండు వైపులా చేతులతో అదిమిపట్టి మళ్ళీ లేపమంటారు. ఈసారి తేలిగ్గా లేస్తే, బిగింపు చాలకే బాధ అని ఆమెకే అర్థమవుతుంది. చెయ్యవలసిన వైద్యం కూడా అదే: ఆ చేతుల పనిని కండరాలకు నేర్పడం. మూత్రం ఆపుకుంటున్నట్టు కటి అడుగు కండరాలను బిగించడం, ఊపిరి వదులుతూ పొత్తికడుపును మెల్లగా లోపలికి తీసుకోవడం, మోకాళ్ళ మధ్య దిండు నొక్కడం, పిరుదుల కండరాలకు బలమివ్వడం. నొప్పి పెరిగేంత వరకూ చెయ్యకూడదు. నడిచేటప్పుడు కాసేపు తుంటి చుట్టూ కట్టుకునే బెల్టు కూడా ఆ చేతుల్లాంటిదే. స్వీడన్‌లో 386 మంది గర్భిణులపై జరిగి 2005లో వెలువడిన అధ్యయనంలో, మామూలు వైద్యానికి ఇలాంటి వ్యాయామాలో ఆక్యుపంక్చరో జోడించిన వాళ్ళకు ఎక్కువ ఉపశమనం కలిగింది.

ఇంటి పనుల్లోనే అసలు చిక్కంతా. గొంతుక్కూర్చుని ఇల్లు తుడిస్తే కాన్పు సులువవుతుందని పెద్దలు ప్రేమతోనే చెబుతారు. ఈ నొప్పి ఉన్నామెకు ఆ సలహా ఇవ్వకండి. కత్తిపీట ముందు కూర్చోవడం, పెద్దబిడ్డను ఎప్పుడూ ఒకే చంకనెత్తుకోవడం కూడా కీలును రేపుతాయి. ప్యాంటు కూర్చుని తొడుక్కోవాలి. ఆటోలోంచి దిగేటప్పుడు మోకాళ్ళు దగ్గర పెట్టి రెండు కాళ్ళూ కలిపి తిప్పాలి. పడుకునేటప్పుడు మోకాళ్ళ మధ్య దిండు. అలాగని రోజంతా మంచం పట్టకూడదు, కండరాలు ఇంకా నీరసిస్తాయి.

కాన్పుకు ముందు, మోకాళ్ళు ఎంత ఎడంగా పెడితే నొప్పి మొదలవుతుందో కొలిచి డాక్టరుకు, నర్సులకు చెప్పాలి. నడుముకు మత్తు సూది ఇస్తే ఆ హద్దు ఆమెకు తెలియదు. ఈ నొప్పి ఒక్కటే ఉంటే సిజేరియన్ అక్కర్లేదు. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, ఆగి ఆగి వచ్చే నొప్పులు, జ్వరం, కాళ్ళ తిమ్మిరి ఉంటే మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

కాన్పయ్యాక చాలామందికి కొన్ని నెలల్లో తగ్గిపోతుంది. తగ్గని 81 మందితో నార్వేలో 20 వారాలు వ్యాయామ పరీక్ష చేశారు. ఎవరికి తగినవి వారికి నేర్పిన జట్టులో ఫలితం రెండేళ్ళ తర్వాత కూడా నిలిచింది. బిడ్డకు 14 వారాల టీకా వేయించడానికి వెళ్ళే నాటికీ మెట్లెక్కడం కష్టంగా ఉంటే, తల్లి కూడా అదే రోజు ఫిజియోథెరపిస్టుకు చూపించుకోవచ్చు.